పూత గది

"చేతి తొడుగులు లేకుండా ఆ పూతను ముట్టుకోకే తల్లీ, నాకెందుకో భయంగా ఉంది," అన్నాను.

"నీకు భయం లేనిదెప్పుడమ్మా? తుమ్మినా డాక్టర్‌ని పిలుస్తావు," అని నవ్వుతూ నా కూతురు పూత గదిలోకి వెళ్లింది. రాత్రి షిఫ్టుకు ఒంటరిగా పంపలేక వెంట వచ్చి, తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. విరిగిన తుంటిలో అమర్చే లోహపు ముక్కలకు పూత వేయడం దాని పని. ఆ పూతను చూసి ఎముక తనదే అనుకుని అల్లుకుపోతుందట.

లోపల పూత వేసే యంత్రం ఆగింది. అప్పుడు చూశాను. తొడుగులు రెండూ నా పక్కన బెంచీ మీదే ఉన్నాయి, నాతో మాటల్లో పడి మరిచిపోయింది.

"అమ్మలూ!" తలుపు బాదాను. లోపల పళ్లు నూరినట్టు సన్నని చప్పుడు. కాసేపటికి అదీ లేదు. తలుపుకు చెవి ఆనించాను.

లోపలి నుంచి నా కూతురి గొంతు వినిపించింది.

"లోపలికి రాకమ్మా. ఈ ముక్క నా చెయ్యి వదలడం లేదు. తనదే అనుకుంటోంది."