వెంట వచ్చిన మనిషి

“ఈసారి ఏ చుట్టరికం ఆయమ్మా? తమ్ముడా, మరిదా?”

ఎమర్జెన్సీ వార్డులో సిస్టర్ వందన కేస్‌షీటు ముందు పెట్టుకొని నవ్వుతూ అడిగింది. స్ట్రెచర్ మీది మనిషి కాళ్లకు ఎండిన బురదను తడిగుడ్డతో తుడుస్తున్న గంగుబాయి తలెత్తలేదు.

“జర ఆగు బిడ్డా. ముందుగాల మనిషిని మనిషి లెక్క కనవడనీ.”

బస్టాండు అరుగు మీద కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతున్నాడని పొద్దున పదింటికి 108 వాళ్లు అతన్ని తెచ్చి దించారు. గుడుంబా వాసన గుప్పుమంటోంది. జేబులో చిన్న కాగితం ముక్క లేదు. వెంట ఎవరూ లేరు.

అలాంటి వాళ్లందరికీ గంగుబాయే దిక్కు. ఆమె కాంట్రాక్టు ఏజెన్సీ కింద పనిచేసే ఆయమ్మ. కేస్‌షీటులో ‘వెంట వచ్చినవారు’ అన్న గడి ఖాళీగా ఉంటే మంచం ఇవ్వడానికి కూడా అందరూ వెనకాముందాడతారు. అందుకని ఆ గడిలో తన పేరు రాయించి, యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుంటూ సంతకం పెడుతుంది. పేరు చెప్పలేని వాళ్లకు పేరు కూడా తానే పెడుతుంది. ఒక్క ఏడాదిలో ఏడుగురికి అక్క అయింది, నలుగురికి వదిన అయింది. కిందటి నెల తలపాగా చుట్టుకున్న సర్దార్ లారీ డ్రైవరుకు మేనత్తనని రాయించింది. అక్కడే దొరికిపోయింది.

“ఇంకొక్కసారి దొంగ చుట్టరికం నా కంట్లో పడితే ఈ వార్డుల నువ్వుండవు,” అన్నాడు ఇన్‌చార్జి డాక్టర్ కరుణాకర్. పన్నెండేళ్లుగా ఆమెకు ఇల్లూ వాకిలీ ఆ వార్డే.

ఇంతలో సర్జన్ సుధాకర్ స్కానింగు ఫిల్ము పట్టుకొని వచ్చాడు.

“పేగుకు రంధ్రం పడ్డది. గంట లోపల కొయ్యాలె. ఆపరేషన్ కాగితం మీద సంతకం ఎవరు పెడ్తరు?”

“ఎవ్వరూ లేరు సార్,” అంది వందన.

“నేనూ ఇన్‌చార్జి సారూ కలిసి రాసుకుంటే నడుస్తది గానీ, ఆయన కోర్టు సాక్ష్యానికి హుజూరాబాద్ పోయిండు. మూడింటికి గానీ రాడు. అప్పటిదాంక ఈ మనిషి ఉండడు.”

వందన ఆయమ్మ చెయ్యి పట్టుకుంది. “నువ్వు మాత్రం పెట్టకు. వార్డుల నుంచి ఎల్లగొడ్తరు.”

గంగుబాయి గుడ్డ పిండి పక్కన పెట్టింది. స్ట్రెచర్ మీది మొహం వైపు కాసేపు చూసింది.

“రాసుకో. పేరు కొమురెల్లి.”

“పేరు అప్పుడే తయారైందా? చుట్టరికం?”

“పెనిమిటి అని రాయి.”

వందనకు నవ్వు ఆగలేదు. “సర్దార్‌కు మేనత్తవైతివి, ఇప్పుడు తాగుబోతుకు పెండ్లానివైతివి. మరిది సరిపోడా?”

“కడుపు కోసే కాగితానికి మరిది గిరిది నడువది బిడ్డా. గట్టి చుట్టరికం కావాలె.”

“ఇంటికాడ మీ ఆయన ఇంటే ఏమంటడో.”

“గాయన పోయి పద్దెనిమిదేండ్లాయె.”

వందన నాలుక కరుచుకుంది. మొగుడు లేని మనిషితో అనవలసిన మాట కాదు. చెప్పినట్టే రాసింది. గంగుబాయి సంతకం పెట్టింది.

థియేటర్‌కు తోసుకుపోతుంటే అతను సగం కళ్లు తెరిచాడు. గంగుబాయిని చూసి, “తప్పయింది,” అని గొణిగాడు. తాగి వచ్చిన వాళ్లలో సగం మంది ఎవరు కనబడినా అదే మాట అంటారు. గంగుబాయి స్ట్రెచర్ చుట్టూ తిరిగి వెళ్లి, అతని కుడి చెవి దగ్గర వంగింది.

“అవ్, అయింది. ఇగ ఊకో.”

“అంత తిరిగి ఆ దిక్కెందుకు పోయినవ్?” అంది వందన.

“ఎడమ చెవి ఇనవడది. గిసుంటోళ్లను ఎంతమందిని చూసిన్నో.”

మూడింటికి కరుణాకర్ వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. ప్రాణానికి భయం లేదన్నాడు సుధాకర్. కరుణాకర్ కేస్‌షీటు తిరగేసి, గంగుబాయిని గదిలోకి పిలిపించాడు. వందన కూడా వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

“పెనిమిటట. నీ భర్త లేడని ఏజెన్సీ కాగితంల నువ్వే రాయించినవ్ గదా. లేచొచ్చిండా ఏంది?”

కరుణాకర్ ఆమెను వార్డు నుంచి మార్చే కాగితం బల్ల మీద ముందుకు జరిపాడు.

“చూడు గంగుబాయీ, నువ్వు సంతకం పెట్టకుంటే ఆ మనిషి బతికేటోడు కాదు. నాకు తెలుసు. కానీ రేపు అసలు చుట్టమెవడో వచ్చి, ఎవరినడిగి కోసిండ్రని కేసు పెడితే జవాబు చెప్పేది నేను. అందుకే అడుగుతున్న. ఆయన నిజంగ నీ పెనిమిటే అయితే ఒక్క మాట చెప్పు, ఈ కాగితం ఇక్కడనే చింపేస్త. కాకుంటే సంతకం పెట్టు. రేపటి సంది బట్టలు ఉతికే కాడ నీ డ్యూటీ.”

ఔననమ్మా అన్నట్టు వందన తలుపు దగ్గర నుంచి తల ఊపింది. ఒక్క మాటంటే అయిపోతుంది. ఇన్నేళ్లుగా ఎవరెవరికో అన్ని చుట్టరికాలు కలుపుకున్న మనిషికి ఇదో లెక్కా?

గంగుబాయి పెన్ను అందుకుంది.

“నా పెనిమిటే అయితే గట్ల కూసోని కాళ్లు తుడుస్తునా సారూ? చెంప పలగొట్టి పంపకపోదునా? ఆ మనిషి నాకేమీ కాడు.”

ఆ రోజు గంగుబాయి ఆడిన అబద్ధం అదొక్కటే.