ఉత్తకాళ్ల సెలెక్షన్

"అందరూ బూట్లు విప్పుండ్రి," అంది కోచ్ స్తుతి.

చొప్పదండి బడి గ్రౌండులో ఇరవై మంది అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ బడి పీఈటీ క్యాథరిన్‌కు ఒళ్లు మండింది. పదో తరగతి దాకా ఇద్దరూ ఒకే ఫుట్‌బాల్ టీములో ఆడారు. ఇండియాకు ఆడింది మాత్రం స్తుతి. ఇప్పుడు ఊరంతా దండలు పట్టుకుని తిరుగుతున్నదీ ఆమె చుట్టే.

"కొత్త బూట్లు మేడం. ఎంతమందినో బతిమిలాడి తెప్పిచ్చిన," అంది క్యాథరిన్ కటువుగా.

"జిల్లా సెలెక్షన్ నాడు నా బూట్లు పోయినయ్, యాదికున్నదా? ఉత్తకాళ్లతోని గింత మంచిగ ఆడుతుందని సెలెక్టర్లందరు నా దిక్కే చూసిండ్రు. అప్పటిసంది నేను గూడ పిల్లల్ని గిట్లనే ఎంచుకుంట."

ఆ బూట్లు తన సంచిలో దాచింది క్యాథరినే. స్తుతి ఆగిపోవాలని చేసిన పనే ఆమెను అంత దూరం తీసుకుపోయిందా?

స్తుతి దగ్గరకు వచ్చి, పిల్లలకు వినబడకుండా అడిగింది.

"గా బూట్లు నీ కాళ్లకు పట్టినయా?"

ఆ గొంతులో రవ్వంత కోపం కూడా లేదు. అదే క్యాథరిన్ తట్టుకోలేకపోయింది.

"పట్టలే స్తుతీ," అంది.