తలుపు మీది దెబ్బ

కళింగపట్నం నుంచి రాజాం మార్కెట్టుకు చేపలు తీసుకెళ్ళే ప్రతి రాత్రీ సీమోను సరుగుడు తోట పక్కనున్న ఈ మలుపులోనే జీపు ఆపించేవాడు. దిగి, చేతికర్రతో వెనుక ట్రాలీ టైర్లను కొట్టి, మోతను బట్టి గాలి తెలుసుకొనేవాడు: ఖంగుమంటే నిండుగా ఉన్నట్టు, దబ్బుమంటే తగ్గినట్టు. అంతా బాగుంటే డ్రైవరు తలుపు మీద ఒక్క దెబ్బ వేసి, "టైరు కడుపు నిండినాది, పదరా!" అని నవ్వేవాడు. ఆ దెబ్బ పడందే కొడుకు ఎజ్రా తాళం తిప్పేవాడు కాడు.

నిరుడు వేసవిలో పాత టైర్లు వరసగా పేలాయి. రెండోసారి పేలినప్పుడు బోల్తాపడిన ట్రాలీ కింద సీమోను పోయాడు. ఆయన కర్రను ఆయనతోనే పూడ్చారు. ఎజ్రా ట్రాలీకున్న రెండు చిన్న చక్రాలూ తీయించి, నాలుగు పెద్ద చక్రాలు వేయించాడు.

ఈ రాత్రి అలవాటుగా అతని కాలు బ్రేకు మీద పడింది. ఇంజను ఆగింది. సరుగుడు తోటలో గాలి కూడా ఆగింది.

వెనుక ఖంగుమని మోగింది. ఆ మోతతో అయ్య చుట్ట వాసన, పాత రాత్రులన్నీ తిరిగొచ్చాయి. రెండో చక్రమూ మోగింది. ఎజ్రా కళ్ళు చెమర్చాయి. అయ్య ఎరిగినవి రెండే కదా, ఇక ఆగుతుందనుకున్నాడు.

మూడోది మోగింది.

"ఎవులు మావా?" పక్కన భార్య స్వర్ణ ఉలిక్కిపడి లేచింది.

నాలుగోది మోగలేదు. మెత్తగా దబ్బుమంది. మళ్ళీ దబ్బుమంది. తరవాత నిశ్శబ్దం.

"బండి పోనీ మావా, ఐసు కరిగిపోతాది," అంటూ స్వర్ణ తాళం అందుకుంది.

ఎజ్రా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండవే. అయ్య ఇంకా తలుపు కొట్టనేదు."