చిలారీ, రొట్టె అయింది!

“చిలారీ! రొట్టె అయింది, రారా!”

తాప్య కేక విని చెల్లెలు ఇలావంతి నొసలు చిట్లించింది.

“ఊరుకోవే అక్కా! నీ పిల్లాణ్ణి సర్కారు కారు ఎత్తుకెళ్ళి నలభై ఏళ్ళయింది. ఉన్నాడో పోయాడో! పోయినవాళ్ళ పేరెత్తకూడదని తెలీదా?”

“నోర్ముయ్. పోయాడని నీకెవరు చెప్పారు? ఉన్నాడు కాబట్టే పిలుస్తున్నా.”

చచ్చినవాళ్ళ పేరు మళ్ళీ నోట రాకూడదన్నది ఆ ఎర్ర ఇసుక ఎడారి జనమందరి కట్టుబాటు. అందుకే తాప్య రోజూ పంతం పట్టి పిలిచేది. చిలారి ఒంట్లో తెల్లజాతి తండ్రి ఛాయ ఉందని, తల్లికి పెంచడం చేతకాదని సర్కారువాళ్ళు తీసుకెళ్ళి పిల్లల హోమ్‌లో వేశారు. పిల్లాడి మంచికేనట. ఏం మంచో! తెల్లారగానే వాడి వంకర బొటనవేలి అడుగు కోసం తాప్య ఇసుకంతా వెతికేది. ఆమె కేకకి వచ్చేవి కుక్కలే. సగం రొట్టె వాటికే పోయేది.

ఆ సాయంత్రం లారీలోంచి నడివయసు మనిషొకడు దిగొచ్చాడు. టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

“అమ్మా... హోమ్‌ నుంచి... చిలారి...” తాప్య మాట పూర్తి కానివ్వలేదు.

“చిలారివా? నా చిలారివేనా?”

ఆమె మొహం చూసి అతను తల దించుకున్నాడు. “అవునమ్మా.”

ఇలావంతి అడ్డొచ్చింది. “ఏదీ, కారొచ్చిన రోజు మా అక్క నిన్నెక్కడ దాచిందో చెప్పు.”

“పిండి గోనెలో. తుమ్మొచ్చి దొరికిపోయా.”

“వీడేనే అక్కా!” ఇలావంతి కూలబడి భోరుమంది. “అమ్మ దగ్గరికి బూట్లతోనేంట్రా?”

అతను బూట్లు విప్పి నిప్పు దగ్గరికి నడిచాడు. తాప్య ఆ అడుగుల వంక చాలాసేపు చూసింది. ఇసుకలో బొటనవేళ్ళు రెండూ తిన్నగా పడ్డాయి. తర్వాత ఆకుల రెమ్మతో ఇసుకంతా ఊడ్చింది.

“కొడుకొస్తే ఇల్లు ఊడ్చుకోవద్దూ?” అంది. “బూట్లు వేసేసుకో నాయనా, ముళ్ళుంటాయి. నీకెవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా.”

“అలా అనకు. నేను లేనూ?” పెద్ద ముక్క విరిచి అతని చేతిలో పెట్టింది. కుక్కలకి ఆ పూట రొట్టె దక్కలేదు.

అతను అక్కడే ఉండిపోయాడు. రోజూ సాయంత్రం తాప్య “కొడకా, రొట్టె అయింది” అని పిలిచేది. అక్క పంతం నెగ్గిందని ఇలావంతి అందరికీ చెప్పుకుంది.

చిలారి అని మాత్రం తాప్య మళ్ళీ ఎన్నడూ పిలవలేదు.