చూరు కింద కరెంటు

"గా పలక తీస్కరా బిడ్డా, చూరు కింద పెడ్దాం" అన్నాడు దేవిదాస్.

పొద్దటి నుంచి ముసురు. బాన్సువాడంతా కరెంటు లేదు. సాయంత్రానికి ఇన్వర్టర్ కూడా ఆగిపోయి, అతని తల్లి భూమవ్వకు ఊపిరందించే ఆక్సిజన్ మిషన్ మూగబోయింది. బీడీలు చుట్టీ చుట్టీ పాడైన ఊపిరితిత్తులవి. అంబులెన్సు పొంగిన వాగుకు అవతలే నిలిచిపోయింది.

కూతురు రవళి సైన్స్ ఫేర్‌కు చేసిన పలక తెచ్చింది. దాని మీద చినుకు జారితే కరెంటు పుట్టి చిన్న బల్బు మెరుస్తుంది.

చినుకు పడింది. బల్బు తళుక్కుమంది.

"వచ్చింది! ఇగ నాయినమ్మ మిషన్‌కు కలుపు" అన్నాడు దేవిదాస్.

"గీ కరెంటు రెప్పపాటే ఉంటది నాయినా. మిషన్ నడ్వది."

"వాన గింత పడ్తున్నది గదా. ఇంకో పలక చేస్తే?"

"వంద చేసినా నడ్వది."

దేవిదాస్ తడుస్తూనే, చినుకులెక్కువ పడే చోటు వెతుకుతూ పలకను జరుపుతున్నాడు.

"చెప్తే ఇంటలేవేంది నాయినా!" రవళి అరిచింది.

"ఇన్న బిడ్డా. నువ్వు చెప్పకముందే తెల్సు. అవ్వ గట్ల దమ్ముకు కొట్టుకుంటుంటే చేతులు కట్టుకొని ఎట్ల కూసోవాలె?"

రవళి బల్బు తీగను లోపలికి లాగి, నాయినమ్మ మంచం పట్టెకు కట్టింది.

చినుకు పడ్డప్పుడల్లా భూమవ్వ వేళ్లు కనిపించాయి. అవి గాలిలో బీడీ చుడుతున్నాయి.

వాన తగ్గేకొద్దీ చినుకుకూ చినుకుకూ మధ్య చీకటి పెరిగింది. తర్వాతి చినుకు కోసం తండ్రీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు.