ఎడమచేతి ఫైనల్

"కుడిచేత్తో ఆడితే ఒప్పుకోం! నువ్వు ప్రొఫెషనల్‌వి. ఎడంచేత్తోనే ఆడాలి!"

ఊరంతా పట్టుబట్టింది. ఎమెరిక్ గొణుక్కుంటూ రాకెట్ చెయ్యి మార్చాడు.

ఫ్రాన్సులోని ఆ గాస్కొనీ పల్లెలో టెన్నిస్ క్లబ్బు వార్షిక సభ పొద్దున మొదలైంది. ముసలి అధ్యక్షుడు ఒక్తావ్ దిగిపోతున్నాడు. పొద్దున్నుంచీ ఈల వేస్తూ తిరుగుతున్నాడు. ఆయన కుర్చీకి రెండే పేర్లు పైకొచ్చాయి. ఒకటి ఎమెరిక్‌ది, రెండోది మందులషాపు ఒడెట్ మేడమ్‌ది. భోజనాల వేళ దాటినా ఇద్దరిలో ఒక్కరూ మెట్టు దిగలేదు.

"అయితే ఎర్రమట్టి కోర్టు మీదే తేల్చుకోండి. ఒక్క సెట్టు. అధ్యక్షుడెవరో దాంతో తేలిపోవాలి" అన్నాడు ఒక్తావ్.

ఎమెరిక్ పన్నెండేళ్ళు దేశదేశాలు తిరిగి ఆడాడు. ఐదు ఫైనళ్ళకు వెళ్ళాడు. ఐదూ ఓడాడు. ఒక్క కప్పయినా లేకుండానే పోయిన ఏడాది ఆట మానేసి ఊరికి వచ్చేశాడు. ఆ ఓటములన్నీ కఫేలో టీవీ ముందు కూర్చుని ఊరు ఊరంతా చూసినవే.

"ఇదీ ఫైనలే అనుకోరా, అలవాటే కదా!" రొట్టెల కొట్టు తిబో అరిచాడు. అందరూ గొల్లుమన్నారు. చప్పట్లన్నీ ఒడెట్ మేడమ్‌కే.

ఎమెరిక్ భార్య సబీన్ ఒక్కతే కంచె పట్టుకుని నిలబడింది. "ఇవాళ ఓడావో, ఇంటికి రాకు!"

ఒడెట్ మేడమ్‌కు అరవై దాటాయి. అయినా బంతిని వల మీంచి అలా జారవిడుస్తూ అతన్ని ముందుకీ వెనక్కీ ఉరికించింది.

"నీకు దగ్గుమందు పోసిన చెయ్యిరా ఇది. పెద్దదాన్ని, వదిలెయ్యరాదూ!"

"మీరే వదిలెయ్యొచ్చుగా మేడమ్!"

ఆఖరి పాయింటు. ఎమెరిక్ కళ్ళు మూసుకుని బాదాడు. బంతి మూలన పడింది.

"అవుట్!" ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

అతను వల చుట్టూ తిరిగి వెళ్ళి మట్టిలో బంతి గుర్తు చూపించాడు. ఒడెట్ మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుని వంగింది. గుర్తు వెంట్రుకవాసిలో గీతను తాకింది. అబద్ధమాడడానికి ఆవిడకు నోరు రాలేదు.

"లోపలే" అంది నీరసంగా.

ఎమెరిక్ మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. బతుకులో గెలిచిన మొదటి ఫైనల్! సబీన్ కంచె దూకి వచ్చి ముద్దులతో ముంచెత్తింది.

ఒక్తావ్ తాళాలగుత్తి పట్టుకుని ఆ ఇద్దరినీ దాటుకుంటూ పరుగున వెళ్ళి, గేటు వైపు జారుకుంటున్న ఒడెట్ మేడమ్ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు: "ఓడినవాళ్ళే అధ్యక్షులని మాటయింది, ఇప్పుడు పారిపోతే కుదరదు మేడమ్!"