గట్టి మందు

పొద్దున లేచినప్పటి నుంచి ఉదయ్ కిరణ్‌కు విరేచనాలు. ఏడాది దాటిన పిల్లవాడు. అమ్మానాన్నలతో కలిసి పెద్దపంజాణి దగ్గర అమ్మమ్మ ఊరికి సెలవులకు వచ్చాడు. మధ్యాహ్నానికల్లా వాడి గుడ్డలతో పెరట్లో దండెం నిండిపోయింది.

అమ్మమ్మ చిక్కమ్మ మాత్రం స్థిమితంగానే ఉంది. వాణ్ని ఒళ్లో వేసుకుని చెంచాతో గంజినీళ్లు పడుతోంది. గాబరా అంతా వాడి నాన్న సిద్ధార్థది.

"గంజినీళ్లతో యాడ తగ్గుతాదత్తా? గట్టి యాంటీబయాటిక్ పడాల."

"నువ్వే ఇట్ల బెదిరిపోతే ఎట్లప్పా? బిడ్డ తాగుతాండాడు గదా!"

సిద్ధార్థ వినలేదు. భార్య అమరావతినీ, పిల్లవాణ్నీ కార్లో ఎక్కించుకుని పుంగనూరు వచ్చి, నేరుగా మందుల షాపు ముందు ఆపాడు. చీటీ లేకుండా ఇవ్వనన్నాడు షాపతను. సిద్ధార్థ గబుక్కున జేబులోంచి పెన్ను తీశాడు.

అమరావతి ఆ పెన్ను లాక్కుంది. "ఇంత గాబరాలో మీరేమీ రాయొద్దు. డాక్టరుకే సూపిద్దాం పదండి."

పక్క వీధిలోనే పిల్లల డాక్టరు ఉషారాణి క్లినిక్. వీళ్లు లోపలికి రాగానే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. సిద్ధార్థ అది గమనించే స్థితిలో లేడు.

"గట్టిది రాయండమ్మా. ఇంజెక్షనైనా సరే."

"ముందు బిడ్డను సూడనియ్యండి సార్."

ఉషారాణి పిల్లవాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది చటుక్కున సర్దుకుంది, ఒంట్లో నీళ్లు మరీ తగ్గలేదన్నమాట. కళ్లు చూసింది, నాలుక చూసింది. విరేచనంలో రక్తం పడుతోందా అని అడిగింది. లేదంది అమరావతి.

"ఓఆర్ఎస్, జింకు చాలు సార్."

"యాంటీబయాటిక్?"

"వద్దు."

"యాల వద్దు?"

ఉషారాణి గొంతు సవరించుకుంది. "చిన్నబిడ్డలకు ఇట్లాంటి విరేచనాలు ఎక్కువగా వైరస్‌తో వస్తాయి సార్. దాని మీద యాంటీబయాటిక్ పని చెయ్యదు. ఊరికే వేస్తే కడుపులో ఉండే బ్యాక్టీరియా ఆ మందుకు రాటుదేలిపోతాది. అత్త రోజూ తిడితే కోడలికి తిట్లు అలవాటైపోవూ? అట్ల. రేపు నిజంగా అవసరం పడి అదే మందు వేస్తే లెక్కచెయ్యదు."

అమరావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే ఇంకా గట్టిది రాయండి!" అన్నాడు సిద్ధార్థ. "లేదంటే ఇప్పుడే మదనపల్లెకు తీసుకుపోతాను."

"తీసుకుపోండి సార్. ఆడుండే పెద్ద డాక్టరు కూడా ఇదే చెప్తాడు."

"ఆయనకేం తెలుసు?" సిద్ధార్థ గొంతు పెరిగింది. "ఊళ్లోవాళ్ల బిడ్డలకు ఎవరైనా చెప్తారు. సొంత బిడ్డకు వచ్చినప్పుడు తెలుస్తాది!"

ఉషారాణి తల వంచుకుని ఓఆర్ఎస్ కలపసాగింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు అదొక్కటే దారి. గ్లాసూ చెంచా అతని చేతికే ఇచ్చి కూర్చోబెట్టింది.

సిద్ధార్థ గొణుగుతూనే తాగించాడు. పిల్లవాడు ఒక చెంచా కక్కాడు. సిద్ధార్థ ముఖం పాలిపోయింది. కాసేపు ఆగి మళ్లీ మెల్లగా పట్టమంది ఉషారాణి. ఈసారి వాడు చెంచాను వదల్లేదు. గ్లాసు ఖాళీ అయ్యాక నాన్న కళ్లజోడు లాగి కిందపడేసి కిలకిలా నవ్వాడు. ఆ వెంటనే సిద్ధార్థ ఒళ్లు వెచ్చగా తడిసింది.

"ఉచ్చ పోసినాడు!" ఉషారాణి చప్పట్లు కొట్టింది. "ఒంట్లో నీళ్లు నిలబడినాయి, ఇంకేం భయం లేదు సార్. విరేచనమైనప్పుడల్లా ఇట్లనే తాపండి. రక్తం కనిపించినా, తాగడం మానేసినా వెంటనే తీసుకురండి. అప్పుడు పరీక్ష చేయించి, ఏ మందు పని చేస్తాదో సూసి రాస్తాను."

సిద్ధార్థ పిల్లవాణ్ని గుండెకు హత్తుకున్నాడు. చొక్కా తడిసింది. కళ్లూ తడిశాయి.

"గాబరాలో ఏదేదో అనేసినాను, మనసులో పెట్టుకోవద్దమ్మా. నేనంత అరస్తాండినా మీరు జంకలేదు, మాట మార్చలేదు. ఎవరమ్మా మీకు ఇంత బాగా నేర్పించింది?"

"ఇంకెవరు సార్, ఆ మదనపల్లె పెద్ద డాక్టరే! పోయిన నెల ట్రైనింగులో మా డాక్టర్లందరికీ ఇదంతా బట్టీ పట్టించింది మీరే గదా!"